స్టెప్నీలో గాలి లేని రాత్రి

బ్రోకెన్ హిల్ నుంచి మిల్డూరాకి తిరిగొస్తూ
సగం దారిలో టైరు పగిలింది.
స్టెప్నీ తీసి చూస్తే అది అంతకు ముందే చచ్చుంది.
"బయల్దేరే ముందు చూసుకోవద్దా?" అన్నాను.
ఫణి డిక్కీ మూత వేసిన చప్పుడే జవాబు.
సిగ్నల్ లేదు. క్యారవాన్‌లో పోతున్న ఓ పెద్దాయన
వెంట్‌వర్త్‌లో ఎవరికైనా చెబుతానని చెయ్యూపి వెళ్ళాడు.
ఆ తర్వాత ఎర్రమట్టి, బూడిదరంగు పొదలు,
మమ్మల్ని చూసి మెడ తిప్పుకున్న ఒక ఈము.

మేదిని బానెట్ ఎక్కి కూర్చుంది.
"ఇందాకట్నుంచీ నా కిటికీలో పరిగెత్తాడుగా,
మనం ఆగితే తనూ ఆగాడేం?
చందమామకీ పంక్చరయిందా?"

లేదే తల్లీ, వాడసలు పరిగెత్తలేదు.
దగ్గరి కంచె గుంజలు గబగబా వెనక్కి పోయాయి,
దూరపు గుట్ట బద్ధకంగా పోయింది.
వాడున్న దూరం ముందు మనం వచ్చిన దారి
వెంట్రుకవాసి. ఎంత పోయినా
అదే దిక్కున కనిపిస్తాడు,
వెంటపడుతున్నాడని మనమే అనుకుంటాం.

పడమర మామిడి తాండ్ర రంగుకి తిరిగింది.
"పొద్దున నీలం, ఇప్పుడు ఎరుపు. ఎవరు మార్చారు?"
ఎవరూ మార్చలేదు. వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి.
నీలానివి పొట్టి అలలు, గాలి కణం తగిలితే చాలు
చెదిరి నాలుగు పక్కలా పడతాయి,
పగలు ఎటు చూసినా నీలమే.
ఎరుపు, ఇదిగో ఈ రోడ్ ట్రెయిన్ లాంటిది,
చిన్న గతుకులకి పక్కకి తిరగదు.
సాయంత్రం ఎండ ఏటవాలుగా, బోలెడంత గాలి దాటి రావాలి.
నీలం దారిలోనే ఖర్చయిపోతుంది.

"ఊదా?" అన్నాడు ఫణి, టైరు వంక చూస్తూనే.
గంట తర్వాత మొదటి మాట.
"ఊదా అలలు ఇంకా పొట్టివి. ఆకాశం ఊదాగా ఎందుకు లేదో?"
నాకు తెలీదు. తెలీదని ఒప్పుకోబుద్ధి కాలేదు.
"సూర్యుడు ఊదాని కాస్త తక్కువే పంపుతాడు,
పైగా మన కంటికి దాని మీద అంత పదును లేదు,"
తనే చెప్పాడు, మేదినికి చెబుతున్నట్టు.

చీకటి పడింది. ఉత్తరాన గొల్లకావడి.
"ఒంగోల్లో చూసిన కుందేలు
ఇక్కడ పల్టీ కొట్టిందేం?"
పల్టీ కొట్టింది మనం. గుండ్రటి నేల మీద
అక్కడివాళ్ళు అటు నుంచున్నారు, మనం ఇటు.
ఎవరి కాళ్ళ కింద వాళ్ళకి నేల,
ఎవరి తల పైన వాళ్ళకి ఆకాశం.

"అరుంధతి ఏది మరి?"
ఇక్కణ్ణుంచి కనబడదు, నేల అంచుకి అవతల ఉండిపోయింది.
మాకు అక్కడా కనబడలేదు.
వైశాఖంలో, పట్టపగలు పదకొండింటికి,
ఏసీ హాలు కప్పుకేసి పంతులుగారు వేలు చూపిస్తే
కనిపించింది, కనిపించింది అన్నాం.
మా మొదటి ఉమ్మడి అబద్ధం.
ఫణికి నవ్వొచ్చింది. దగ్గుగా మార్చుకున్నాడు.

అప్పుడు దక్షిణాన, రోడ్డు చివర, ఒక చుక్క.
మెరవదు, కదలదు. "కొత్త నక్షత్రం!" అంది మేదిని.
చాలాసేపు ఒకటే చుక్క.
కంటికి ఓ హద్దుంటుంది, అంతకన్నా దగ్గరదగ్గరగా ఉన్న దీపాలు
దూరం నుంచి ఒకటిగానే అతుక్కుంటాయి.
మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తుండగా
అది సన్నగా, మధ్యలో, విడింది.
"రెండు!" అని అరిచింది పిల్ల.
నేను ఫణి వైపు చూశాను. తనూ చూశాడు.
వెలుగు వచ్చిన చాలాసేపటికి గాని
ఇంజను చప్పుడు రాలేదు.

ట్రక్కు దిగిన గ్లెన్ స్టెప్నీలో గాలి కొట్టి, బిగించి,
ఆ దీపాలకేసి అంతలా ఏం చూస్తున్నారని అడిగాడు.
పెళ్ళి తంతు ఒకటి మిగిలిపోయిందని చెబితే
టోపీ సర్దుకుని, రసీదు రాసిచ్చాడు.

మళ్ళీ దారి. ఎడమ కిటికీలో వాడు మళ్ళీ మాతో.
మేదిని నిద్రపోయింది.
"చూసుకోవాల్సింది," అన్నాడు ఫణి.
వినిపించనట్టు ఊరుకుని
ఊదా రంగు సంగతి మళ్ళీ చెప్పమన్నాను.