రెండు తాళాలు

చర్చి వరండాలో కుట్టుమిషను నాది.
పేరు ఎస్నాతి.
ఈ మలావీ సరస్సు ఒడ్డున సగం మంది ఒంటి మీద
నా కుట్టే ఉంటుంది.
కాబట్టి ఎవరు ఎక్కడ చిరిగారో
నాకు కాస్త ముందే తెలుస్తుంది.

గొడవ డోలుతో మొదలైంది.
డోలు దేవుడి ముందు మోగాలని యోతాము పెద్ద.
సారా పాకలో మోగినది
వాక్యం చదివే చోటికి రాకూడదని లామెకి పెద్ద.
ఇద్దరూ ఒకే పడవలో వల లాగినవాళ్ళు.
లామెకి చెల్లెలు నెలియానే యోతాము చేసుకున్నాడు.
మొదట మాట, తర్వాత లేఖనం, తర్వాత అరుపు.
చివరికి ఒకే గొళ్ళేనికి రెండు తాళాలు.
ఇద్దరూ వస్తే తప్ప తెరుచుకోని తలుపు.
ఇద్దరూ రారు.

ఏడు ఆదివారాలు
మామిడి చెట్టుకు తూర్పున కొందరు, పడమట కొందరు.
అటువాళ్ళు పాట ఎత్తుకుంటే
ఇటువాళ్ళు ప్రార్థన గొంతు పెంచేవారు.
"దేవుడికి రెండు చెవులున్నాయి కదా నానమ్మా"
అంది మా ఫలెస్. నాకు నవ్వు రాలేదు.

నేను మధ్యలో, మిషను దగ్గర,
సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చున్నాను.
ఏ పక్షమూ లేని మనిషినని అందరూ మెచ్చుకున్నారు.
అది మంచితనం కాదు, భయం.
లామెకి మనుషులు స్కూలు యూనిఫాంలు ఇస్తారు,
యోతాము మనుషులు పెళ్ళి గౌన్లు.

ఎనిమిదో ఆదివారం యోతాము కుంటుతూ వచ్చాడు.
నెలియా పోయాక అతని కాళ్ళు చూసేవాళ్ళు లేరు.
మటెకెన్యా,
ఇసుకలోంచి ఎగిరి గోటి కింద గూడు కట్టుకునే పురుగు,
బఠాణీ గింజంత తెల్లటి ముడి, మధ్యలో నల్లచుక్క.
అతని కళ్ళకి అది ఆనదు.
వంగితే నడుము లేవదు.
చెప్పు విడిచి, ఎవరూ చూడకుండా,
పాదాన్ని వేరుకేసి రుద్దుకుంటున్నాడు.
అందరం చూశాం.
అందరం పాటల పుస్తకాల్లో తలలు దూర్చాం.

లామెకి ప్రార్థన మధ్యలో ఆగాడు.
ఆమేన్ కూడా అనలేదు.
నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.
"సూది."
ఎందుకని అడగలేదు. సన్నది ఇచ్చాను.
అగ్గిపుల్ల గీసి మొన కాల్చాడు.
ఉప్పునీళ్ళకి ఫలెస్‌ని పరిగెత్తించాడు.
ఉన్న ఒక్క నల్ల ప్యాంటుతో
దుమ్ములో మోకాళ్ళేశాడు.

యోతాము కాలు వెనక్కి లాక్కున్నాడు.
"వద్దు. కంపు కొడుతుంది."
"మా నెలియా ఇన్నేళ్ళూ ముక్కు మూసుకుందా?"

అంతే మాట్లాడుకున్నారు.

వంగడమే కష్టమనుకునేదాన్ని.
కాలు చాపడం ఇంకా కష్టమని ఆ రోజు చూశాను.
అంగుళం అంగుళం చొప్పున వచ్చింది ఆ పాదం,
వల లాగుతుంటే పడవ దగ్గరికి వచ్చినట్టు.

పదకొండు తీశాడు. ఫలెస్ లెక్కపెట్టింది.
కళ్ళద్దాలు ముక్కు కొసకి జారినప్పుడల్లా
యోతామే చెయ్యి చాపి వాటిని పైకి తోశాడు.
చెట్టుకి అటు పక్క పాట ఎప్పుడు ఆగిందో
ఎవరూ గమనించలేదు.

సూది తిరిగి ఇవ్వబోతే వద్దన్నాను.
"ఉంచుకో. ఊళ్ళో కాళ్ళు చాలా ఉన్నాయి."

లామెకి తాళం తెరుచుకుంది.
యోతాముది తుప్పుపట్టి,
చెవి లోపలే విరిగింది.
గడ్డపారతో గొళ్ళెం మొత్తం పీకారు.
ఇప్పుడు ఆ తలుపుకి పిడికెడు కన్నం,
సరస్సు గాలి ఉసిపా చేపల వాసనతో సహా లోపలికి వస్తుంది.
తాళాలు రెండూ నా బల్ల మీదున్నాయి,
కత్తిరించే గుడ్డ ఎగిరిపోకుండా.

డోలు సంగతి మాత్రం తేలలేదు.
నెలకో ఆదివారం లోపలికి రానిస్తారు.
ఆ రోజు లామెకి మొహం
పచ్చి కర్రపెండలం నమిలినట్టుంటుంది.
కానీ బెంచీ కింద అతని పాదం
తాళం వేస్తుంటుంది.
నేను చూశాను.
ఎవరికీ చెప్పలేదు.