మూడో అంతస్తులో గుహ

లీలామహల్ సర్కిల్ వెనక లాడ్జి,
రూము మూడువందల తొమ్మిది.
వేణ్ణీళ్లు రావడంలేదని
కొండ దిగొచ్చిన కుటుంబం ఒకటి
గుండ్ల మీద చందనం పొలుసులు రాలుతుండగా
వరండాలో నిలబడి ఉంది.

మద్దిలేటి స్టూలెక్కి గీజర్ దించాడు.
నేను టార్చి పట్టుకున్నాను.
నా పని అంతే,
వెలుగు పట్టుకోవడం, పానా అందించడం.

మూత ఊడితే కాయిల్ కనబడలేదు.
దాని చుట్టూ గరుగ్గా
ఎండిన పెరుగన్నంలా సున్నం.
"బోరు నీళ్లు గదా మామా" అన్నాను.
ఆయన పలకలేదు.
టార్చి నా చేతిలోంచి లాక్కొని
పక్కనుంచి, ఏటవాలుగా వేశాడు.
"ఎదురుగా వెయ్యగూడదురా మునెయ్యా,
రాయి సిగ్గుపడతాది."

అప్పుడు చూశాను.
పైనుంచి దిగే ఊడలు,
కిందనుంచి లేచే మొటికలు,
ఒకదాన్నొకటి అందుకోబోయి ఆగిన చోట
గుండుసూది దూరేంత ఎడం.

పదకొండేళ్లు బెలుంలో లైట్ల మనిషి ఆయన.
టికెట్ జనం రాగానే స్విచ్ వెయ్యడం,
పోగానే ఆర్పడం.
ఏనుగంటే ఏనుగు, పడగంటే పడగ,
గైడు చెప్పిందే చూసి పోయేవాళ్లంట.
కొందరు ఊడ పట్టుకొని ఫోటో దిగేవాళ్లంట.
"చేతి జిడ్డు తగిల్తే ఇంక పెరగదురా.
మాను మాదిరి అనుకో.
కాదులే, మానుకైనా పక్కన చిగురొస్తాది."

అందరూ వెళ్లాక, చీకట్లో,
ఒక బొట్టుకీ ఇంకో బొట్టుకీ మధ్య
తన ఊపిర్లు లెక్కపెట్టుకునేవాడు.
పదకొండేళ్లలో ఎంత పెరిగింది మామా అంటే
చిటికెనవేలి గోరు చూపించి
అందులో సగం
బొటనవేలితో మూసేశాడు.

ఇక్కడ రెండేళ్లకే ఇంత.
"సెగ తగిల్తే రాయికీ తొందరే."

వరండాలో చిన్నపిల్ల తుమ్మింది.
యాసిడ్ పోశాం.
బుసబుస పొంగి, నురగై,
బాత్రూము తూములోకి జారిపోయింది గుహ.
రాగి తళుక్కుమంది.
కాసేపటికి తలుపు వెనక
చెంబుల చప్పుడు, గోవిందా గోవిందా.

మూడువందలు రావాల్సింది, రెండున్నరే ఇచ్చారు.
మద్దిలేటి బేరమాడలేదు.
యాసిడ్‌కి దొరక్కుండా దాచిన ఊడొకటి,
అగ్గిపుల్లంత,
బీడీకట్టతో పాటు జేబులో వేసుకున్నాడు.

మెట్ల మలుపులో
సరిగా కట్టెయ్యని కొళాయి.
తిప్పబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.
"ఉండు."

బొట్టు.

తర్వాతదాని కోసం
భుజాన పానాల సంచులతో
ఇద్దరం నిలబడ్డాం.