ఇరవై రెండు ఎక్కువ

తరమణిలో మొదటి ఏడాది
నేను తూచిందల్లా ఉప్పే.
ప్రతి శిఖరం పక్కనా ఇంకో పిల్ల శిఖరం,
సరిగ్గా ఇరవై రెండు ఎక్కువ.
కొత్తదేదో దొరికిందని
మూడు రాత్రులు నిద్రపోలేదు.
వరదాచారి సారు కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి
"సోడియం, అమ్మా. ఈ ఊళ్ళో గాలి కూడా ఉప్పే.
గాజు సీసాలు మానెయ్, నీళ్ళు మార్చు" అని
కాఫీకి వెళ్ళిపోయారు.

రెండో ఏడాది తూచింది నన్నే.
వేళ్ళ చర్మం, జడలోంచి రాలిన పోగు,
కెరటిన్, కెరటిన్, మళ్ళీ కెరటిన్.
ఎవరి కంటి ముక్క పెట్టినా
ముందు నేనే హాజరు పలికేదాన్ని.
జడ టోపీలోకి, గాజులు సొరుగులోకి వెళ్ళాయి.
బోసి చేతులేమిటే అంది అమ్మ.
యంత్రానికి దిష్టి తగులుతుందని చెప్పాను.

అవును, కంటి ముక్కలే.
ఎగ్మూరు ఆసుపత్రి నుంచి ఏకాంబరం సైకిలు మీద,
థర్మాస్ ఫ్లాస్కులో తెచ్చేవాడు
తీసేసిన కటకాలు.
కొన్ని ముదురు పాకం రంగు తిరిగినవి.
పేర్లుండవు.
58, స్త్రీ, కుడి.
71, పురుషుడు, ఎడమ.

ఒంట్లో అన్నీ మారతాయి,
నెత్తురు, చర్మం, పేగుల లోపలి పొర.
కటకం నడిమధ్య ప్రోటీన్ మాత్రం
తల్లి కడుపులో అల్లిందే, ఆఖరిదాకా.
ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని నాని
ఒక్కో ఆస్పరజిన్ తన నత్రజనిని వదులుకుంటుంది,
బరువు ఒకటి పెరుగుతుంది.
ఒకటి కూడా కాదు,
పాయింట్ తొమ్మిది ఎనిమిది నాలుగు.
పక్కనే బరువైన కార్బన్
ఒకటికి పైన మూడు వేయోవంతులు తూగుతూ
నేనే నేనే అని అడ్డం నిలబడుతుంది.
ఆ రెంటినీ విడదీసే యంత్రం కోసం
నాలుగుసార్లు అర్జీ పెట్టాను.
ఐదోసారి వచ్చింది. అప్పటికి నాకు నలభై ఏడు.

ఏం కనిపెట్టావమ్మా అని
పెళ్ళి భోజనాల దగ్గర అడిగేవారు.
తేడా, అనేదాన్ని.
ఇంకో గరిటె పాయసం వేసి ముందుకెళ్ళేవారు.

వరదొచ్చిన డిసెంబరులో
రెండు రోజులు కరెంటు లేదు.
మైనస్ ఎనభై కాస్తా
గంటగంటకీ మనవైపు నడిచొస్తోంది.
అప్పటికే రిటైరైన ఏకాంబరం
సైదాపేట నుంచి మోకాటి లోతు నీళ్ళలో
చేపల పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు.
"కాసిమేడు ఐసు, మేడం. కొంచెం నీచు వాసన."
నాలుగొందల కళ్ళని
వంజరాలు పడుకున్న మంచులో పడుకోబెట్టాం.
సగం దక్కలేదు.
పోయినవాటి జాబితా నా చేత్తోనే రాశాను.
అంకెలే కదా,
58, స్త్రీ, కుడి దగ్గర
పెన్ను ఎందుకో కదల్లేదు.

నిరుడు నా కుడికంట మసక.
వీధి దీపాలన్నీ దూదిలో పెట్టినట్టు.
కటకం నాకిచ్చెయ్యండి అని డాక్టర్ని అడిగాను.
"ఇప్పుడలా తియ్యమండీ, లోపలే పొడి చేసి పీల్చేస్తాం."
ఆ పీల్చిన నీళ్ళే ఇవ్వండి.
ఆపరేషన్ గది బయట తబస్సుమ్
ఫ్లాస్కు పట్టుకుని గంటన్నర నిలబడింది,
పొట్ట పట్టుకుని నవ్వింది కూడా.

కట్టు విప్పాక ల్యాబుకొస్తే
జెల్ మీద కూమాసీ నీలం!
అది ఇంత నీలమా?
ముప్పై ఏళ్ళ నోటుపుస్తకాల్లో
"లేత పచ్చ కలిసిన నీలం" అని రాసుకుంటూ వచ్చాను.
ఆ పచ్చ ఎవరిదో ఇప్పుడు తెలిసింది.
ఎడమ కన్ను మూసి చూశాను, తెరిచి చూశాను,
పిల్లలు చూస్తున్నారని మానేశాను.

తబస్సుమ్ ట్యూబు మీద రాసింది,
63, స్త్రీ, కుడి.
సూది దగ్గర దాని చెయ్యి వణికింది.
ముందు బ్లాంక్ వెయ్యి, అన్నాను,
మామూలు గొంతుతోనే.
ఉత్త నీళ్ళు. నలభై నిమిషాలు.
స్టూలు లాక్కుని కూర్చున్నాం.
తెరమీద గీత చదునుగా సాగుతోంది.
ఉప్పు లేదు.
నేనింకా రాలేదు.