ఆఖరి డబ్బా

సొహార్‌లో పొద్దున తొమ్మిదికే
కిటికీ అద్దం వేలు పెట్టనివ్వదు.
ఏసీ కింద కూర్చుని నేను
ఒక గీతని రెండు మిల్లీమీటర్లు కుడికి జరుపుతున్నాను.

పని చిన్నదే. జీతం చీటీ టెంప్లేటు.
ఒక పట్టిక, పదకొండు నిలువు గళ్ళు.
అన్నీ ఒక్క ఎ-ఫోర్ కాగితంలో ఇమడాలంటాడు కుంజుమోన్ గారు.
రెండో పేజీ తొంగి చూసిందా,
ఆరువందల మందికి
నెలకి ఆరువందల తెల్ల కాగితాలు దండగ.

సాఫ్ట్‌వేర్ ఎక్కడో చలిదేశంలో పుట్టింది.
చుక్క తర్వాత రెండంకెలే దానికి తెలుసు.
ఇక్కడ రియాల్‌కి వెయ్యి బైసాలు.
మూడో అంకెని కత్తిరిస్తే
ఎవడూ దొంగ కాకుండానే
ప్రతివాడి జేబులోంచీ కాస్త పోతుంది.
ముందు అది సరిచేశాను.

తర్వాత అరబ్బీ.
ఒక్క టిక్కు పెట్టానో లేదో
పట్టికంతా అద్దంలో పడ్డట్టు తిరగబడింది.
వరస నంబరు కుడి అంచుకి,
చేతికొచ్చే మొత్తం ఎడమ అంచుకి.
కోతలు మాత్రం
ఎటు తిప్పినా నడిమధ్యనే.

పేరు గడి మరీ ఇరుకు.
ఇంటిపేరూ తండ్రిపేరూ కలిపి
పాస్‌పోర్టులో మోసుకొచ్చిన మనవాళ్ళు
చీటీలో సగం సగం దిగుతున్నారు:
బొమ్మకంటి రాజన,
చెట్కూరి ముత్తె.
వెడల్పు పెంచితే ఓటీ గంటలకి ఊపిరాడదు.
అక్షరం తగ్గిస్తే ప్రింటరు చీమల్ని పోస్తుంది.
చివరికి, పొడుగైతే కిందికి దిగమని
గడికి చెప్పాను. దిగింది.

సున్నా అయితే కనిపించకూడదని ఇంకో షరతు.
ఓటీ లేని నెల
తెల్లగా, ఉతికి ఆరేసినట్టు ఉంది.
"మబ్రూక్" అన్నాడు కుంజుమోన్ గారు.
నేనూ కాసేపు ముచ్చటగా చూసుకున్నాను.

గురువారం చీటీలు పంచారు.
ఆదివారం పొద్దున్నే గేటు నుంచి ఫోను,
"మేడమ్, మీ ఊరి వాళ్ళట."
నాది భీమిలి.
వాళ్ళది జగిత్యాల అవతలెక్కడో.
ఇంత దూరంలో అదీ ఒక ఊరే.

హెల్మెట్ చంకలో ఇరికించుకుని రాజనర్సు
రెండు చీటీలు బల్లమీద పరిచాడు.
ఒకటి పాతది, మడతల దగ్గర చీలి, చెమటకి మెత్తబడింది.
ఇంకోటి నేను చేసింది.

"అమ్మా, కుడిదిక్కు ఆఖరి డబ్బా నాది.
సదువు రాదు, పదకొండేండ్ల సంది గదే సూసుకుంట.
ఎప్పుడూ నూట నలభై మీదికెళ్ళి కొంచెం.
గీసారి నాలుగొందల పన్నెండు పడ్డది.
తప్పు పడ్డదేమో సూడున్రి.
మల్ల ఒక్కపారే కోస్తే నాతోని గాదు."

వెనకాల ముత్తెన్న ఏమీ అనలేదు.
అతని ఆఖరి డబ్బాలో
పద్దెనిమిది.

అది డబ్బు కాదు, మీ నంబరు, అన్నాను.
చెప్పాక నా గొంతే నాకు నచ్చలేదు.
ముత్తెన్న కుర్చీ లాక్కుని
అప్పుడు కూర్చున్నాడు.
రాజనర్సు మాత్రం నవ్వాడు,
"గింత మందిల నేను నాలుగొందల పన్నెండోన్నన్నట్టు."
కాసేపాగి,
"ఇంటికాడ చెప్పిన గదమ్మా మొన్న."

లేస్తూ ఎడమ అంచుమీద వేలు పెట్టాడు.
సిమెంటు పట్టిన గోరు సరిగ్గా గడంత ఉంది.
"గీ డబ్బాకు జర దొడ్డు గీత కొట్టరాదు?"

ఆరేళ్ళలో నాకెవరూ
ఇంత తేటగా పని చెప్పలేదు.

గీత మందం పెంచాను.
పట్టిక రెండు మిల్లీమీటర్లు ఉబ్బింది,
రెండో పేజీ తొంగి చూసింది.
ఎక్కడ కొయ్యను?
పేరులోనా, గంటల్లోనా, చుక్క తర్వాతి మూడో అంకెలోనా?

పైన, కంపెనీ చిహ్నాన్ని పట్టుకుని
మూలమీంచి లోపలికి నొక్కాను.

"ఈ ఒక్క గడీ ఎందుకింత నలుపు?" అన్నాడు కుంజుమోన్ గారు.
చూపుకి బాగుంటుందని, అన్నాను.
చిహ్నం సంగతి
ఇంతవరకు ఎవరూ అడగలేదు.