సంచి వెనకవైపు

సోహార్‌లో పాత ఇనుము యార్డుకి
రాత్రి కాపలా నేను. నాకు కాపలా సిమెంటు.
ఒంటి రంగుని బట్టి పెట్టిన పేరు.
చెవి ఎవరు కోశారో ఇప్పటికీ చెప్పదు.

జీతం అందిన రోజు దానికి తిండి కొనడానికి పోయాను.
ధర కనపడితే చాలు, బుర్ర దానంతటదే
రెండు వందల ఇరవైతో హెచ్చవేస్తుంది.
మెరిసే సంచి పన్నెండు రియాళ్ళు:
చిన్నదాని స్కూలు ఆటో, రెండు నెలలు.
పక్కనే రెండున్నరది. దాని మీద బొమ్మలో
మాంసం ముక్క కుక్క కంటే పెద్దది.

కొట్టు కుంజుమోన్ సంచి తిరగేశాడు.
"బొమ్మ కాదు భాయ్, ఈ చీమల బారు చూడు.
ఏది ముందు రాస్తే అదే ఎక్కువ."
ముందు మొక్కజొన్న. తర్వాత తవుడు.
మాంసం ఏడో పేరు, అదీ పొడి.

పలాసలో ఏజెంటు ఇచ్చిన కాగితం
నేనిలా తిరగేసి చూడలేదు.

మధ్యరకం చిన్న సంచి తీసుకున్నాను, నాలుగున్నర.
అది నెల రాదు.
అందుకని పొద్దువాలాక చేపల రేవుకి పోయి
ధర దిగిపోయిన కవళ్ళు తెచ్చాను.
ఉప్పు వెయ్యలేదు, ఉల్లిపాయ ఊసే లేదు.
ఉడికాక ముల్లు ముల్లూ తడిమి తీసి
మెత్తటి అన్నంలో పిసికాను.
బారువ ఒడ్డున పుట్టిన వేళ్ళకి అదో పనా!

సిమెంటు నా వైపు ఒకసారి చూసి
రేకు పళ్ళెం మోగేదాకా నాకింది.

అప్పుడు నా డబ్బా విప్పాను.
నిన్నటి కుబ్బూస్, పప్పు నీళ్ళు.
అది మూతి తుడుచుకుంటూ వచ్చి
వాసన చూసి
మర్యాదగా తల పక్కకి తిప్పుకుంది.