ఒరిగిన ఇంట్లో నిద్ర

సాంతోస్ రేవులో మా భవనం సముద్రం వైపు ఒరిగింది.
నేలమీద బఠాణీ గింజ వదిలితే
వంటింట్లోంచి బయల్దేరి, నడవా దాటి,
బాల్కనీ తలుపుకి తల కొట్టుకుని ఆగుతుంది.
కింద అంతా బంకమన్ను, అంటారు ఇంజనీర్లు.
నలభై ఏళ్ళుగా పడలేదుగా, అంటుంది జురెమా.

కాఫీ రుచి చూడటం నా పని.
గుండ్రంగా తిరిగే బల్ల, అంచున కప్పులు,
వెండి చెంచా, జుర్రున పీల్చడం, ఉమ్మెయ్యడం.
రోజుకి రెండు వందల కప్పులు. ముప్పైయొక్క ఏళ్ళు.
అంతా ఉమ్మేశాననే అనుకున్నాను.
లోపల ఎవరో లెక్క రాసుకున్నారు.

మొదట భోజనం తర్వాత ఓ పులితేన్పు.
తర్వాత రొమ్ముటెముక వెనక అగ్గిపుల్ల గీసినట్టు.
ఆ తర్వాత రాత్రి రెండున్నరకి
గొంతు దాకా ఎగదన్నే పుల్లనీళ్ళు.
మింగితే మంట, కక్కితే మంట.
లేచి కూర్చుని దొంగలా దగ్గుతూ
లంగరేసిన ఓడల దీపాలు లెక్కపెట్టేవాణ్ణి.
ఒక రాత్రి పద్నాలుగు. ఇంకో రాత్రి ఇరవై రెండు.
వాటిలో కొన్నైనా
నేను బాగుందన్న కాఫీ కోసమే కాచుకుని ఉంటాయి.

కడుపుమంట అంటే
పక్కవాడి బాగు చూసి పుట్టేదనుకునేవాణ్ణి.
నాకెవరిమీద ఉంది?
సరే, జెనివాల్ మీద కొంచెం ఉంది.
నా బల్ల దగ్గరే, నా అన్ని కప్పులే జుర్రి,
ఇంటికెళ్ళి మిరపకారంతో చిక్కుళ్ళు తిని
గుర్రుపెట్టి పడుకుంటాడు.

డాక్టరమ్మ గొట్టం వేసి తెరమీద చూపించింది:
తడిసిన ఎర్రమట్టి గోడ, ఎవరో గోళ్ళతో గీరినట్టు.
"ఇదా?" అన్నాను.
అన్నం పెట్టిన చేతినే కరుస్తోందని
ఇన్నాళ్ళు నేను తిట్టుకున్న జంతువు
పాపం, చర్మం ఊడిపోయి కూడా బండి లాగుతోంది.

పద్నాలుగు రోజులు మాత్రలు. పరగడుపున ఒకటి.
నోట్లో ఎప్పుడూ తుప్పుపట్టిన నాణెం.
రుచి చూసి బతికేవాడి నాలుక మీద
నీళ్ళు కూడా ఇనుమే.
పైఅంతస్తు ఎర్సీలియా ముళ్ళ అంచుల ఆకులు తెచ్చింది,
కాచి తాగమని.
ముల్లుని ముల్లుతోనే కదా తియ్యాలి.
గడ్డివామి వాసన. తాగాను.
మాత్ర పనిచేసిందో, ఆకు పనిచేసిందో,
ఆవిడ మోకాళ్ళ నొప్పులతో దిగివచ్చిన మెట్లు పనిచేశాయో.

తలవైపు మంచం జానెడు ఎత్తు లేపమన్నారు.
ఇటుకల కోసం నేను చెప్పులేసుకుంటుంటే
జురెమా పకపకా నవ్వింది:
"తిప్పి వేస్తే సరి. సగం ఎత్తు ఇల్లే పెట్టింది."
తలలు కొండవైపు, కాళ్ళు సముద్రం వైపు.
మిగతా సగానికి పాత టెలిఫోన్ డైరెక్టరీలు.
చచ్చిపోయిన నంబర్లమీద పడుకున్నాం.

ఓ రాత్రి రెండున్నరకి అలవాటుగా మెలకువ వచ్చింది.
ఎదురుచూశాను. ఏమీ రాలేదు.
ఇంకా ఎదురుచూశాను.
కడుపులో చల్ల కదల్లేదు.
నన్ను లేపింది అదేనేమో, ఆ ఏమీ లేకపోవడం.
ఓడలు లెక్కపెట్టడం మర్చిపోయి నిద్రపోయాను.

ఇప్పుడు బల్ల దగ్గర తయినా చెంచా పట్టుకుంటుంది.
ఇరవై మూడేళ్ళ పిల్ల. నేను ఆవిరి వాసన చూస్తాను.
"పచ్చి జామ," అంటుంది, "చివర్లో సన్నగా మంట."
ఉమ్మెయ్యమ్మా, అంటాను,
పూర్తిగా ఉమ్మెయ్.

మొన్న మంగళవారం సంతలో
నూనె కారే జున్ను పాస్తెల్ రెండు తిన్నాను.
ఎందుకంటే ఏం చెప్పను? వాసన వచ్చింది.
ఆ రాత్రి ఓడలు పదిహేడు.

మిగతా రాత్రుల్లో, నిద్రలోనే,
వేలెడు వేలెడు కిందికి జారుతుంటాం మేమిద్దరం.
తెల్లారేసరికి మంచం చివరి చెక్కకి పాదాలు ఆనించి
రెండు బఠాణీ గింజలం.
జురెమా ముందు లేచి, నా చంకల కింద చేతులేసి,
విసుక్కుంటూ, పైకి లాగుతుంది.