మూసీ, మూడో గదిలో

టికెట్టు మూడు వందలు.
అంత పెట్టి మేం చూడబోయింది మూసీని కాదు,
నిఖత్ తమ్ముడు ఇంతియాజ్ వేసిన వైరింగ్‌ని.

పదకొండు రోజులు ఇంటికి రాలేదట వాడు.
మాదాపూర్‌లోనే నిచ్చెన కింద పడుకుని
ఫ్లాస్కు ఛాయ్ తాగి మళ్ళీ నిచ్చెనెక్కేవాడట.
"చూసిరా అక్కా, నది మొత్తం గోడల మీద పారుతది."

మలక్‌పేటలో మెట్రో ఎక్కాం, అమీర్‌పేటలో మారాం.
ఆఫీసుకి సెలవు. మొహాలకి పౌడరు.

మొదటి గదిలో తెల్లగోడ, దాని మీద ఒకే వాక్యం:
ప్రవాహస్మృతుల పునర్ఘటనలో ద్రవదేహం.
"తెలుగే కదా, చెప్పు" అంది నిఖత్.
ఇరవై ఆరేళ్ళుగా జలమండలిలో
బకాయి నోటీసులు టైపు చేస్తున్నదాన్ని.
నాకు రాలేదు.

రెండో గదిలో ఒక గిన్నె, గిన్నెలో ఫోను,
ఫోనులో ఒక కన్ను.
రెప్ప వేసేదాకా నిలబడదామనుకున్నాం.
పదిహేడు శాతం ఛార్జింగ్ అని మాత్రం కనబడింది.

మూడో గది ముందు నల్ల పరదా.
చెప్పులు విప్పమన్నారు.
లోపల చీకటి.
ఎక్కడో ఫ్యాను రొద, కాళ్ళ కింద చల్లటి రబ్బరు.
అట్లా ఎంతసేపో.
చాదర్‌ఘాట్‌లో మా ఇంట్లోకి నీళ్ళొచ్చిన రాత్రి
కరెంటు తీసేస్తే, మెట్ల మీద కూచుని
కనబడని నది ఎన్నో మెట్టు దాకా వచ్చిందో
చప్పుడుని బట్టి లెక్కపెట్టాను.
మా ఆయన టార్చి వేస్తానంటే వద్దన్నాను.
ఇది ఎవరో తెలిసినవాళ్ళే చేశారనుకున్నాను.
రోమాలు నిక్కబొడుచుకున్నాయి, అబద్ధం చెప్పను.

అప్పుడొక కుర్రాడు పరదా తీసి,
"సారీ ఆంటీ, ప్రొజెక్టర్లు ఆన్ కాలేదు.
వైరింగ్ సరిగా చెయ్యలేదు."

నిఖత్ అక్కడే ఫోను కొట్టింది.
అటునుంచి డ్రిల్లు చప్పుడులో ఇంతియాజ్:
"స్తంభం ఎనక ఎర్ర స్విచ్చుంటది, ఎవరూ ముట్టలేదా?"
ఎవరూ ముట్టలేదు.
నిఖత్ ముట్టింది.

వచ్చింది నది.
నాలుగు గోడలా నీలం, పళ్ళపేస్టు ప్రకటనలో ఉండేంత నీలం.
తామరలు. ఒక్కో హంస మా స్కూటరంత.
అడుగు పెట్టినచోట అలలు లేస్తాయట.
కుర్రాడు తొక్కితే లేచాయి,
నిఖత్ తొక్కితే కాస్త ఆలస్యంగా,
నేను తొక్కితే పక్కవాళ్ళ కాళ్ళ దగ్గర.
నాలుగు నిమిషాలకోసారి అదే హంస
అదే వైపు మెడ తిప్పింది.
నురుగు లేదు, గడ్డి కోసేవాళ్ళు లేరు,
గట్టున ఆరేసిన దుప్పట్లు లేవు. గట్టే లేదు.
ఒక పాప హంస వెంట పరిగెత్తి గోడకి గుద్దుకుంటే
"ఇంకోసారి పరిగెత్తవే, వీడియో రాలేదు" అంది వాళ్ళమ్మ.

"బంద్ చేద్దామా?" నా చెవిలో నిఖత్.
చెయ్యలేదు.
జలమండలి వాళ్ళం, నీళ్ళు ఆపాలంటే
ముందు నోటీసివ్వాలి.

వస్తూ వస్తూ పరదా అంచు ఎత్తి చూశాం.
గోడ వెంబడి వైర్లు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా,
జానెడుకో క్లిప్పు, మూలమలుపులో కూడా
పాపిట తీసినంత తిన్నగా.
చాలాసేపు నిలబడ్డాం.
"అది ఎగ్జిబిట్ కాదాంటీ" అన్నాడు కుర్రాడు.

ఎంజీబీఎస్ దగ్గర రైలు కింద మూసీ.
అద్దాలు మూసున్నా ఎవరో ముక్కు మూసుకున్నారు.
ఇంతియాజ్ ఫోను: "ఎట్లుందక్కా?"
నిఖత్ నావైపు చూసింది. ఫోను తీసుకుని
"చీకటి మస్తు చేసినవ్ తమ్మీ" అన్నాను.
కాసేపు మాట లేదు.
"క్లిప్పులు చూసిన్రా?" అన్నాడు.